ఆరు ఋతువులకి ఆరు రాగాలు వెతక్కండి: పల్లెపాటల నుంచి కొత్త శాస్త్రీయ రచన చేయడం గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వయొలిన్‌లో డిప్లొమా అయింది, పాశ్చాత్య హార్మొనీ కొంత నేర్చుకున్నారు, పల్లెపాటల ఆధారంగా ఆరు ఋతువుల మీద ముప్పావు గంట వాద్యరచన చేయాలనుకుంటున్నారు. ఏ ఋతువుకి ఏ రాగం, ఏ జానపద బాణీ సరిపోతుందో ఒక పట్టిక ఇవ్వమన్నారు.

పట్టిక ఇవ్వను. ఇస్తే మీ రచన అక్కడితో ఆగిపోతుంది. రేడియో వాద్యబృందాలకీ నృత్యరూపకాలకీ చాలా ఏళ్ళుగా రాస్తున్నాను, పట్టికతో మొదలైన ఋతువర్ణనలు చాలానే విన్నాను. అన్నీ ఒకేలా ఉంటాయి. వసంతానికి వసంత, వానకి అమృతవర్షిణి, శరత్తుకి ఏదో ఒక వెన్నెల రాగం, మధ్యలో ఫ్లూటు మీద కోయిల కూత.

హిందుస్తానీలో ఋతువుకీ రాగానికీ ముడి నిజంగానే ఉంది. బసంత్, బహార్, మల్హార్ వినగానే అక్కడి శ్రోత ఫలానా కాలం అనుకుంటాడు, తరాల అలవాటు అది. కర్ణాటక సంగీతంలో ఆ ముడి అంత గట్టిగా పడలేదు. వసంత రాగాన్ని మనవాళ్ళు సాయంకాలపు రాగంగా చెప్పుకుంటారు, చైత్రంతో దానికి పనిలేదు. అమృతవర్షిణికి వాన పేరు వచ్చిందంటే, ముత్తుస్వామి దీక్షితులు ఎట్టయపురం వైపు వెళ్తూ పాడితే వాన కురిసిందన్న కథ వల్ల. కథ బాగుంటుంది. కానీ శ్రోతకి ఆ వాన చెవిలో కురవదు, చేతిలో ఉన్న కార్యక్రమపత్రంలో కురుస్తుంది.

మరి పల్లెపాటలో ఋతువు ఎక్కడుంటుంది? ఆ కాలంలో ఒంటితో చేసే పనిలో ఉంటుంది. ఎవరు పాడుతున్నారు, నిలబడి పాడుతున్నారా వంగి పాడుతున్నారా, చేతులు ఖాళీగా ఉన్నాయా, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారు అన్నవాటిలో ఉంటుంది. అదే పాట వేరే పనిలో పాడితే నడక మారిపోతుంది. మీరు రాయాల్సింది ఆ నడకని. రాగం దాని వెనకే, తనంతట తానే వస్తుంది.

నాట్ల పాట తీసుకోండి. వానలు పడ్డాక బురద చేసిన మడిలో ఆడవాళ్ళు వరుసగా వంగి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ నారు నాటుతారు. ఎడమ చేతిలో నారు కట్ట, కుడిచేత్తో మొక్క గుచ్చడం. ఇప్పుడు సంగీతకారుడిగా ఆలోచించండి. రెండు చేతులూ పనిలో ఉన్నాయి కాబట్టి చప్పట్లు లేవు, వాద్యం లేదు. నడుము వంగి ఉంది కాబట్టి ఊపిరి పొట్టి, పాట చరణం కూడా పొట్టి. గొంతు పైస్థాయికి వెళ్ళదు, నాలుగైదు స్వరాల మధ్యే తిరుగుతుంది. ఒకామె చరణం ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. ఆమె చివరి స్వరం సాగుతుండగానే వీళ్ళు మొదలుపెడతారు. అందరూ పాడేది ఒకే వరుస, కానీ ఒకరు కాస్త ముందు, ఒకరు కాస్త వెనక, ఒకరు చిన్న జారు వేస్తారు, ఒకరు వేయరు. సినిమాల్లో నాట్ల పాట అనగానే కింద డప్పు మోగిస్తారు. నాటే చేతికి డప్పు కొట్టే తీరిక ఎక్కడిది?

ఇందులో మీకు కావలసిన రచనాపద్ధతి మొత్తం ఉంది. వర్షఋతువు భాగంలో తాళవాద్యాలన్నీ ఆపేయండి. మూడు వయొలిన్లకి ఒకే వరుస ఇచ్చి, ఎవరి గమకం (స్వరాన్ని ఊపడం, జారించడం) వాళ్ళు వేసుకునే స్వేచ్ఛ ఇవ్వండి. మొదటి వయొలిన్ చివరి స్వరం మీద ఉండగానే మిగతా ఇద్దరూ ఎత్తుకోవాలి, అయితే ఇద్దరూ ఒకేసారి కాదు. తాళం ముక్కల్ని విడదీసే బార్ గీతలు గీయకండి, ఊపిరి గుర్తులు పెట్టండి. విల్లు కూడా ఒక ఊపిరే కాబట్టి ఒక చరణానికి ఒకే విల్లు అని రాస్తే మీ వాద్యకారుడి చెయ్యి పొడవే చరణం పొడవవుతుంది. ఉరుములకి సెల్లో మీద ట్రెమొలో (విల్లుని వేగంగా వణికించడం) పెట్టాలన్న కోరిక పుడుతుంది. పెట్టకండి.

గ్రీష్మానికి ఏతం పాటలు చూడండి. ఎండాకాలంలో బావి నుంచి తోటకి నీళ్ళు తోడేటప్పుడు పాడేవి. ఈ పాటల్లో ఎన్ని బానలు తోడారో లెక్క చెప్పుకుంటూ పోతారు. అంటే పాటకి ముగింపు రాగంలో లేదు, లెక్కలో ఉంది. ఏతం కిందికి దిగేటప్పుడు ఒక వేగం, నీళ్ళతో పైకి లేచేటప్పుడు ఇంకో వేగం, కాబట్టి ఆవర్తనం సగం వేగంగా సగం బరువుగా నడుస్తుంది. మనవాళ్ళకి తాళం సమానంగా కొట్టడం చిన్నప్పటి నుంచీ నూరిపోసి ఉంటుంది, కనుక ఈ ఎగుడుదిగుడు నడకని వాయించడం మొదట్లో కష్టంగా ఉంటుంది. దంపుడు పాటల్లో రోకలి పోటుకీ పోటుకీ మధ్య ‘సువ్వి’ అనే ఊతపదం వస్తుంది. అదీ వినండి.

శరత్తుకి బతుకమ్మని ఎలాగూ తీసుకుంటారు కాబట్టి దాని లోపలి కట్టు చెప్తాను. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు. ఎక్కువమంది ఈ పాటల్ని విని తేలిక వరుస అనుకుని, కింద నాలుగు కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు) వేసి వదిలేస్తారు. ఒకసారి మాత్రలు లెక్కపెట్టండి. ‘బంగారు బతుకమ్మ ఉయ్యాలో’ అన్న చరణంలో బంగారు అయిదు మాత్రలు, బతుకమ్మ అయిదు, ఉయ్యాలో ఆరు. ‘ఒక్కేసి పువ్వేసి చందమామ’ కూడా అంతే, 5+5+6. మాట ఇలా కుంటుతుంటే చప్పట్లు మాత్రం సమంగానే పడుతుంటాయి. పాడేవాళ్ళు అయిదు మాత్రల ముక్కని ఎక్కడో ఒకచోట సాగదీసి చప్పట్లోకి సర్దుతారు. ఎక్కడ సాగదీస్తారన్నది ఊరిని బట్టి, పాడే మనిషిని బట్టి మారుతుంది. పైగా చప్పట్లు కొడుతూ వంగి లేస్తూ వలయంగా తిరుగుతుంటారు, ఆ వంగడం కూడా పాటలో ఊనికగా వినిపిస్తుంది.

ఇది బంగారు గని. మృదంగం మీద సమమైన నాలుగు, వీణ మీద 5+5+6 అలాగే సాగదీయకుండా ఉంచితే రెండూ పదహారు దగ్గర కలుస్తాయి. మధ్యలో కలవవు. శ్రోతకి ఏదో తిరుగుతున్నట్టు అనిపిస్తుంది కానీ ఎక్కడ కలుస్తుందో పట్టుకోలేడు, కలిసినప్పుడు మాత్రం ఒళ్ళు తెలుస్తుంది. మన పల్లవి విద్వాంసులు చేసే లెక్కలకి ఇది తీసిపోదు, కాకపోతే ఇక్కడ లెక్క పాటలోనే ఉంది, మీరు కొత్తగా తేనక్కర్లేదు. ఆ అసలు వరుసని కనీసం ఒక్కసారైనా పూర్తిగా వినిపించాలా అంటే, నేనైతే వినిపించను.

ఇంకో సంగతి. ఆరు ఋతువులన్నారు, ఏ ఊరి ఋతువులు? పంచాంగం ప్రకారం శ్రావణ భాద్రపదాలు వర్షఋతువు. తెలంగాణలో నైరుతి వానలు జూన్‌లోనే మొదలవుతాయి, అంటే అప్పటికి ఇంకా పంచాంగంలో గ్రీష్మమే. నెల్లూరు వైపు వెళ్తే అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాలతో వస్తుంది, తుఫాన్లూ అప్పుడే. అక్కడివాళ్ళకి శరదృతువంటే తెల్ల మబ్బులూ వెన్నెలా కాదు, కార్తిక మాసపు ముసురు. అనంతపురం వాళ్ళ వానాకాలం గురించి రాయాలంటే వాన కోసం ఎదురుచూడటమే రాయాలి. అక్కడే కాదు, చాలా పల్లెల్లో వాన పడనప్పుడు రోకలికి కప్పని కట్టి ఇంటింటికీ తిరిగి నీళ్ళు పోయించుకునే కప్పతల్లి ఆట ఉండేది. అది వాన పాట కాదు, వాన లేని పాట. సంస్కృత కావ్యాల ఆరు ఋతువులని తెచ్చి పల్లెపాటల మీద పరిచేస్తే రెండూ అతకవు. ఒక ప్రాంతం ఎంచుకోండి. అప్పుడు మీ ఋతువులు ఆరు కాకుండా నాలుగే తేలొచ్చు, దానికి బాధపడనక్కర్లేదు. ఆరింటికీ సమానమైన నిడివి కూడా ఇవ్వకండి. మన దగ్గర ఎండాకాలానికి ఉన్న నిడివి హేమంతానికి ఎక్కడిది?

ఇప్పుడు రాగం. పల్లెపాటల నుంచే శాస్త్రీయంలోకి వచ్చాయని అనుకునే రాగాలు ఉన్నాయి కదా: పున్నాగవరాళి, నాదనామక్రియ, కురంజి, నవరోజు, చెంచురుటి, ఆనందభైరవి. వీటిలో మొదటి అయిదింటికి ఒక సామాన్య లక్షణం ఉంది, పూర్తి స్థాయి తిరగవు. నవరోజు మంద్ర పంచమం నుంచి మధ్య పంచమం దాకానే. నాదనామక్రియ, పున్నాగవరాళి నిషాదం దగ్గర ఆగుతాయి, తారషడ్జం ముట్టవు. అందుకే వీటిని మధ్యమ శ్రుతిలో (మధ్యమాన్నే ఆధార షడ్జంగా పెట్టుకుని) పాడే అలవాటు వచ్చింది, లేకపోతే గొంతు కిందే ఉండిపోతుంది. మామూలుగా కచేరీలో వీటిని చివర్లో తేలికపాటి అంశాలుగా వాడతారు. మీరు ఆ పరిమితినే రచనకి నియమంగా పెట్టుకోండి. వయొలిన్‌కి మూడున్నర స్థాయిలు అందుబాటులో ఉన్నా ఈ భాగంలో ఎనిమిది స్వరాలు దాటను అనుకుంటే, మీకు పల్లె గొంతు దానంతటదే వస్తుంది. ‘జానపద వాసన’ కోసం అక్కడక్కడా కాపి రాగ ప్రయోగాలు జల్లే పద్ధతి కంటే ఇది నూరు రెట్లు నయం.

ఋతువు మారే చోటు గురించి మీరు అడగలేదు, కానీ అసలు పని అక్కడే ఉంది. ఒక భాగం ఆగి, చప్పట్లు పడి, ఇంకో భాగం మొదలైతే అది క్యాలెండరు కాగితం చింపినట్టు ఉంటుంది. ఋతువు అలా మారదు. మన సంగీతంలో దీనికి చక్కటి సాధనం ఉంది, గ్రహభేదం. మోహన స్వరాలు అయిదే, స రి గ ప ధ. రిషభాన్ని షడ్జంగా పట్టుకుంటే అవే స్వరాలు మధ్యమావతి అవుతాయి, గాంధారం నుంచి హిందోళం, పంచమం నుంచి శుద్ధసావేరి, ధైవతం నుంచి శుద్ధధన్యాసి. పల్లెపాటల్లో అయిదు స్వరాల వరుసలు చాలా దొరుకుతాయి. అలాంటి వరుసని పైన వయొలిన్ మీద మార్చకుండా నడిపిస్తూ, కింద సెల్లో పట్టిన ఆధారస్వరాన్ని మాత్రం నెమ్మదిగా షడ్జం నుంచి రిషభానికి జరపండి. కొంతసేపు రెండూ కలిసి వినిపించాలి, ఆ సందిగ్ధం మీద తొందరపడకూడదు. పాట అదే, దాని కింద నేల మారింది. కచేరీల్లో గ్రహభేదం చమత్కారంగా రెండు నిమిషాలు చూపించి వెనక్కి వచ్చేస్తారు. మీరు వెనక్కి రావద్దు, కొత్త ఆధారం మీదే తర్వాతి ఋతువు మొదలుపెట్టండి. అయిదు స్వరాలకి అయిదు ఋతువులు, ఆరోదానికి ఏం చేయాలి అని మాత్రం నన్ను అడక్కండి.

జానపద బాణీని ‘ఎంత’ తీసుకోవాలి అన్న మీ అనుమానానికి హంగేరీ స్వరకర్త బేలా బార్తోక్ (1881–1945) చెప్పినదానికంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. ఆయన 1900ల మొదట్లోనే తోటి స్వరకర్త కొడాయితో కలిసి ఫోనోగ్రాఫు మోసుకుని హంగేరీ పల్లెల్లో పాటలు రికార్డు చేశాడు. రచయిత ముందు మూడు దారులున్నాయంటాడు. ఉన్న పాటనే తీసుకుని తోడు వాద్యం కట్టడం, దానిలాంటి వరుసని సొంతంగా అల్లడం, రెండూ చేయకుండా ఆ పాటల భాష ఒంటపట్టించుకుని మాట్లాడటం. మనలో చాలామంది మొదటిదాని దగ్గరే ఆగిపోతారు. మూడోది నేరుగా రాదు, చాలా పాటలు చెవిలో పడాలి.

మనకి పరాయి ఉదాహరణలు అక్కర్లేదనుకుంటే అన్నమయ్య (1408–1503) ఉన్నాడు. జాజర, సువ్వి, గొబ్బి, ఉయ్యాల, తుమ్మెద, ఇలా పల్లె కట్టులన్నీ సంకీర్తనల్లోకి తెచ్చాడు. అంతకు ముందే పాల్కురికి సోమనాథుడు తన కాలంలో జనం పాడుకునే పదాల పేర్లు వరసగా చెప్పాడు. అన్నమయ్య రాగిరేకుల మీద రాగం పేరుంది, స్వరాలు లేవు. ఈరోజు మనం వినే వరుసల్లో ఎక్కువ భాగం ఇరవయ్యో శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు కట్టినవి. అంటే వరుస పోయినా కట్టు నిలిచింది. జాజర అన్న ఊతపదం ఎక్కడ వచ్చి పడుతుంది, గొబ్బిలో చరణం ఎన్నిసార్లు తిరుగుతుంది అన్నది మాటల్లోనే దాగి ఉంది. ఫాల్గుణంలో కాముని పున్నానికి తెలంగాణ పల్లెల్లో పిల్లలు కోలలు కొడుతూ పాడే జాజిరి పాటలు విని, తర్వాత అన్నమయ్య జాజర తెరవండి. మీ శిశిర వసంతాల సంధి అక్కడే దొరుకుతుంది.

వసంతం మీద ఒక్క మాట. రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ బాలే ‘వసంత క్రతువు’ 1913 మే 29న పారిస్‌లో మొదటిసారి వినిపించినప్పుడు, ఎత్తుగడలో వచ్చే వరుస ఒక లిథువేనియా జానపద గీతం. దాన్ని బసూన్ అనే బరువైన వాద్యానికి, అది అతికష్టం మీద అందుకునే పైస్థాయిలో ఇచ్చాడు. వరుసని మార్చింది కొంచెమే, చోటు మాత్రం పూర్తిగా మార్చేశాడు, దాంతో పరిచయమైన పాట కాస్తా వింతగా, ఇబ్బందిగా వినిపిస్తుంది. చిగురు పెట్టడం కూడా అలా ఇబ్బందిగానే ఉంటుందేమో అనిపిస్తుంది. కోయిల ఫ్లూటు బదులు మీరు ఒక లాలిపాట వరుసని వీణ అనుమంద్రంలోకి (అట్టడుగు స్థాయికి) దించి చూడండి.

శిశిరానికి స్వరాలు రాల్చడం అనే ఉపాయం ఉంది. ఏడు స్వరాల సంపూర్ణ రాగంతో మొదలుపెట్టి ఒక్కొక్క స్వరం మానేస్తూ నాలుగు స్వరాలకి రావడం. నాలుగు స్వరాలతో రాగం నిలబడుతుందా అంటే, మంగళంపల్లి బాలమురళీకృష్ణ మహతిని (స గ ప ని), లవంగిని (స రి మ ధ) నిలబెట్టి చూపించారు. ఏ స్వరం ఎప్పుడు పోయిందో శ్రోత కనిపెట్టలేకుండా చేస్తేనే ఇది పండుతుంది.

వాద్యాల సంగతికి వస్తే, డప్పుని తప్పకుండా పెట్టుకోండి, కానీ అది చర్మం అన్న సంగతి మరిచిపోకండి. తేమకి చర్మం వదులవుతుంది, మోత చస్తుంది. అందుకే డప్పు వాళ్ళు గడ్డీ కాగితాలూ మంటేసి కాపుతూ వాయిస్తారు, ఆషాఢ బోనాల్లో చూసే ఉంటారు. కాపగానే శ్రుతి ఎక్కుతుంది, వాయిస్తున్నకొద్దీ దిగుతుంది. ఋతువు వాద్యం లోపలే ఉందన్నమాట, మీరు వర్ణించక్కర్లేదు. హాల్లో మంట వేయనివ్వరు, హీటరు దగ్గర పెట్టి కాపే ఏర్పాటు చేసుకోవాలి. నా సలహా ఏమిటంటే, రెండు డప్పులు పెట్టండి, ఒకటి అప్పుడే కాపినది, ఇంకోటి చల్లబడినది. అదే దరువుని మొదటిదాని మీద సిర్ర (లావు కర్ర), సిటికెన పుల్ల (సన్న పుల్ల) రెండింటితో, రెండోదాని మీద సిటికెన పుల్ల ఒక్కదానితో వాయిస్తే తేడా ఎంతో మీకే తెలుస్తుంది. మృదంగం ఎడమవైపు రవ్వముద్ద కూడా ఏసీ హాల్లో తొందరగా ఎండిపోతుంది, దాన్ని తడుపుకునే వ్యవధి రచనలో వదలండి.

హేమంతానికి దూరాన్ని వాడుకోండి. ధనుర్మాసంలో తెల్లవారుజామున హరిదాసు చిడతలు ఒక వీధిలో, గంగిరెద్దువాళ్ళ సన్నాయి డోలు ఇంకో వీధిలో. రెండు వేగాలు, రెండు శ్రుతులు, ఒకటి దగ్గరవుతుంటే ఇంకోటి దూరమవుతుంది. ఇద్దరు వాద్యకారుల్ని వేదిక బయట నిలబెట్టండి. వాళ్ళకి మీతో తాళం కలపాల్సిన పని లేదని ముందే చెప్పండి, లేకపోతే అలవాటు కొద్దీ కలిపేస్తారు.

హార్మొనీ నేర్చుకున్నారు కాబట్టి చెయ్యి ఆగదు, తెలుసు. పల్లె వరుస కింద షడ్జ, మధ్యమ, పంచమ కార్డులు వేయగానే అది చర్చి పాటో సినిమా పాటో అవుతుంది. నిలువు స్వరాలని ఆ వరుస నుంచే తీసుకోండి. మధ్యమావతి అయిదు స్వరాలని రి, ప, స, మ, ని అని ఒకదాని మీద ఒకటి పేర్చితే ప్రతి రెంటి మధ్యా షడ్జ మధ్యమాల దూరమే (పాశ్చాత్యుల లెక్కలో చతుర్థం) వస్తుంది. పాత హంగేరీ పాటల్లో ఆ దూరం తరచుగా వినబడటమే తన చతుర్థాల కార్డులకి మూలమని బార్తోక్ కూడా రాశాడు. ఆ దొంతరలో గమకానికి చోటుంటుంది, ఎందుకంటే గాంధారం తేల్చి చెప్పాల్సిన ఒత్తిడి లేదు. సెల్లో, వయోలా స్వరాలు నిలకడగా పట్టుకోవాలి, గమకం పై వరుసకి మాత్రమే. నలుగురూ గమకం వేస్తే బురద.

పాటలు సేకరించేటప్పుడు. బిరుదురాజు రామరాజు గారి జానపద గేయ పరిశోధన మొదలుకొని పుస్తకాలు బాగానే ఉన్నాయి, కానీ సంకలనాల్లో ఎక్కువగా మాటలే దొరుకుతాయి, వరుసలు దొరకవు. ఊరికి వెళ్ళి వినాల్సిందే. నాట్లకి ఇప్పుడు యంత్రాలు వచ్చాయి, గుత్తకి నాటే ముఠాలు ఎకరం లెక్కన పరుగెత్తుతాయి, పాడే తీరిక లేదు. ఇంటి దగ్గర కూర్చుని పాడి వినిపించండి అంటే పాడతారు, కానీ ఊపిరి మారిపోయి పాట పొడవు పెరుగుతుంది. వీలైతే వంగి ఏదో ఒక పని చేస్తూ పాడమనండి. పాటకి కర్త లేకపోయినా పాడినవాళ్ళకి హక్కు ఉంది, 1957 కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రదర్శకుల హక్కు గురించే. రికార్డింగుని రచనలో వాడేటట్టయితే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, డబ్బు ముందే మాట్లాడుకోండి, కార్యక్రమపత్రంలో ‘జానపదం’ అని రాసి వదిలేయకుండా పాడినవాళ్ళ పేరూ ఊరూ వేయండి.

డప్పు కళాకారులకి మీ స్టాఫ్ నొటేషన్ పనికిరాదు. దరువుని నోటితో చెప్పండి, వాళ్ళు నోటితోనే తిరిగి చెప్తారు, ఆ చెప్పినదాన్ని మీరు రాసుకోండి. చాలాసార్లు వాళ్ళు చెప్పింది మీరు రాసుకొచ్చినదానికంటే బాగుంటుంది. వయొలిన్లకి నొటేషను, డప్పుకి నోటి పాఠం, వీణకి సాహిత్యంతో సహా స్వరం, ఇలా మూడు రకాలుగా సిద్ధం చేసుకుని, మొదటి రిహార్సల్‌కి ఒక్క నాట్ల భాగమే తీసుకెళ్ళండి. తాళం లేకుండా అందరూ కలిసి ఊపిరి పీల్చడం వచ్చేదాకా మిగతా ఋతువుల కాగితాలు బయటికి తీయొద్దు.